ఇల్లు కాదు, అంగడి

పొద్దున్నే వీధి చివర టిఫిన్ అంగట్లో నాలుగిడ్లీలు తిని, చెయ్యి కడుక్కుంటూ మనం అనే మాట ఒకటుంది: "అచ్చం ఇంట్లో తిన్నట్టే ఉంది." హోటలు తిండికి తెలుగులో ఇంతకు మించిన పొగడ్త లేదు. తిండి మీద మనవాళ్ళు రాసే వ్యాసాల్లోనూ ఇదే చివరి మెట్టు. అమ్మ చేతి రుచి, ఇంటి రుచి, ఇంటి వాతావరణం. ఈ బలహీనతను హోటళ్ళవాళ్ళు ఎప్పుడో పసిగట్టారు. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, అత్తమ్మ... బోర్డుకెక్కని బంధుత్వం లేదు.

నా గొడవ ఈ పొగడ్తతోనే. తిరుపతి, చిత్తూరు సందుల్లోని చిన్న టిఫిన్ అంగళ్ళను ఇంటితో పోల్చడం వాటికి మర్యాద కాదు. ఆ పోలిక చరిత్ర ప్రకారం తప్పు. కులం సంగతి దాచిపెడుతుంది. అన్నిటికీ మించి, ఒక మనిషి కష్టానికి ఇవ్వాల్సిన ధరను ఎగ్గొట్టడానికి పనికొస్తుంది. ఆ అంగడి మంచితనమంతా అది ఇల్లు కాకపోవడంలోనే ఉందని నా వాదన.

ఏ అంగళ్ళ గురించి మాట్లాడుతున్నానో ముందు చెప్పాలి. తిరుపతి అనగానే బయటివాళ్ళకు బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషను ఎదురుగా ఉండే పెద్ద హోటళ్ళు గుర్తొస్తాయి. అవి యాత్రికులవి. ఊరివాళ్ళు తినేవి వేరే. కొర్లగుంటలోనో, జీవకోనలోనో, బైరాగిపట్టెడలోనో, చిత్తూరైతే సంతపేటలోనో, గిరింపేటలోనో ఒక ఇంటి ముందు భాగంలో రేకులు దించి, ఒక గట్టు మీద స్టవ్వు, పెనం, పక్కన ఇడ్లీ పాత్ర పెట్టుకుంటారు. బల్లలు ఉంటే రెండు, లేకుంటే గోడవారన నిలబడి తినడమే. బోర్డు ఉండదు. "యాపమాను కాడ అక్క అంగడి" అంటే చాలు, ఆటో అక్కడ ఆగుతుంది. ఇడ్లీ, దోస, పూరీ, పొంగలి, వడ. చెనిక్కాయల చట్నీ, సాంబారు, ఎర్రకారం. అంతే జాబితా.

తినేవాళ్ళెవరు? రుయా ఆసుపత్రిలో పేషెంటు మంచం పక్కన రాత్రంతా మేలుకుని వచ్చినవాళ్ళు. యూనివర్సిటీ పిల్లలు. బేల్దారి పనికి పోయేవాళ్ళు. ఆటోవాళ్ళు. కొండమీద నైట్ డ్యూటీ చేసి దిగినవాళ్ళు. పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉండిపోయి, భార్య పోయి, ఒంటరిగా మిగిలిన రిటైర్డు మాస్టార్లు. వీళ్ళలో సగంమందికి ఆ పూట ఇల్లు అందుబాటులో లేదు. మిగతా సగానికి ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించే మనిషి లేదు. అంగడి ఉన్నది వీళ్ళకోసం.

ఇక అక్కడ జరిగే పని. ఎర్రకారం దోసనే తీసుకోండి. మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు ఉద్దిపప్పు, కాసిన్ని మెంతులు మధ్యాహ్నం నానెయ్యాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులవనివ్వాలి. చెప్పడానికి ఇంతే. కానీ మే నెలలో తిరుపతి ఎండకు పిండి అర్ధరాత్రికే పొంగి గిన్నె దాటుతుంది. పుల్లబడితే తెల్లారి ఒక్కరూ తినరు. డిసెంబరులో తెల్లారినా లేవదు. ఎప్పుడు నానెయ్యాలి, ఎంత నీళ్ళతో రుబ్బాలి, ఉప్పు రాత్రే వెయ్యాలా, పొద్దున వెయ్యాలా అన్నది ఆకాశం చూసి తేల్చుకునే లెక్క. ఎండుమిరపకాయలు నానబెట్టి ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు వేసి నూరిన కారం ఒక గిన్నెలో. వేయించిన పప్పులతో కొట్టిన పొడి ఇంకో గిన్నెలో. పెనం మీద నీళ్ళు చల్లి, చీపురుతో ఊడ్చి, సగానికి కోసిన ఎర్రగడ్డతో నూనె రుద్దాలి. పిండి తిప్పాక కారం పూసే క్షణం ఒకటుంది. తొందరపడితే దోస చిరుగుతుంది. ఆలస్యమైతే మిరపకాయ పచ్చివాసన పోదు. పొడి చల్లి, చుట్టూ నూనె వేసి, మడిచి ప్లేట్లో పెట్టాలి. ఆ లోపల ఇంకో ముగ్గురు "అక్కా, నాది?" అంటుంటారు. ఎవరిది మామూలు దోస, ఎవరిది గుడ్డు దోస, ఎవరు డబ్బులిచ్చారు, ఎవరివ్వలేదు, అంతా నోటి లెక్కే.

దీనికోసం మూడున్నరకు లేవాలి. పది దాటాక అంగడి కట్టేసి గిన్నెలు తోముకోవాలి, మళ్ళీ పప్పు నానేసుకోవాలి. నేను తినే చోట అక్క పొద్దుటి తిండి తినేది పదకొండింటికి. మిగిలితే ఇడ్లీ, లేకుంటే రాత్రి సంగటి.

ఇంత పనితనం చూసి కూడా మనకు నోట వచ్చేది "ఇంట్లో తిన్నట్టుంది" అనే. దర్జీ కుట్టిన చొక్కా ఒంటికి అతికినట్టు ఉంటే, ఇంట్లో కుట్టినట్టుందని ఎవరన్నా అంటారా? మెకానిక్కు బండి బాగు చేస్తే "ఇంటి మరమ్మతులా ఉంది" అంటే వాడికి కోపమొస్తుంది. మగవాళ్ళు ఎక్కువగా చేసే పనికి పనితనం అని పేరు పెట్టాం. ఆడవాళ్ళు చేసే పనికి ప్రేమ అని పేరు పెట్టాం. పనితనానికి రేటు ఉంటుంది. ప్రేమకు ఉండదు.

సరే, ఇంటి రుచే అనుకుందాం. ఎవరింటి రుచి?

చిత్తూరు పల్లెల్లో చాలా ఇళ్ళలో పొద్దుటి తిండి మొన్నమొన్నటిదాకా ఇడ్లీ కాదు. సంగటి, సద్ది, అంబలి. రాత్రి మిగిలిన రాగిసంగటిని మజ్జిగలో పిసుక్కుని, ఎర్రగడ్డ కొరుక్కుని, ఊరుబిండి నంచుకుని పొలానికి పోయేవాళ్ళు. చెరువు కిందో, బావి కిందో కాస్త వరి పండేది. మిగతాదంతా మెట్ట. రాగి, సజ్జ, చెనిక్కాయ. బియ్యమూ ఉద్దిపప్పూ నానబోసి రోట్లో రుబ్బేది పండగకో, అల్లుడొస్తేనో. ఇంట్లో దోస పోస్తుంటే ఆ వాసన వీధి వీధికంతా తెలిసేది. మా అమ్మ తరం ఆడవాళ్ళనడగండి, దోస పండగ ఎట్లా ఉండేదో చెప్తారు. దోసతో పాటు రుబ్బురోలు తిప్పిన భుజం నొప్పి కూడా చెప్తారు. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చదివినవాళ్ళకు ఆ ఇళ్ళలో తల్లి చాకిరీ ఎంతటిదో నేను వేరే చెప్పక్కర్లేదు.

రోజూ పొద్దున్నే ఇడ్లీ తినే అలవాటు మాకు ఎక్కువగా వచ్చింది మద్రాసు వైపు నుంచి, పట్నం హోటళ్ళ నుంచి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడిందే చాలావరకు ఉత్తర ఆర్కాటు ముక్కలతో. 1953 దాకా మేం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. కోర్టు పనికి చిత్తూరు వచ్చినవాడు, సంతకు వచ్చినవాడు, దేవుడికి తిరుపతి వచ్చినవాడు హోటల్లో ఇడ్లీ సాంబారు తిని ఊరెళ్ళి కథలుగా చెప్పుకునేవాడు. ఆ తర్వాత గ్రైండర్లు వచ్చాయి, చవక బియ్యం వచ్చింది, అప్పుడు ఇడ్లీ మా వంటింట్లో కాపురం పెట్టింది. అంటే మా వైపు చాలా ఇళ్ళ విషయంలో అంగడి ఇంటిని చూసి నేర్చుకోలేదు. ఇల్లే అంగడిని చూసి నేర్చుకుంది. ఈ రోజుకీ ఎన్నో ఇళ్ళు సాయంత్రం గిన్నె పట్టుకుపోయి అంగట్లో పిండి కొనుక్కొచ్చుకుంటాయి. ఆ పిండితో పోసిన దోసను ఇంటి దోస అంటాం. అంగట్లో అదే పిండి దోసను ఇంటి దోసలా ఉందంటాం!

పండగ తిండిని రోజు కూలీకి కూడా రోజూ అందేట్టు చేసింది ఈ చిన్న అంగళ్ళు. ఆ ఘనత వాటిది. తీసుకెళ్ళి ఇంటి ఖాతాలో వెయ్యడం ఏం న్యాయం?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇల్లు అన్నం పెట్టడంతో పాటు ఇంకో పని కూడా చేస్తుంది. మనిషిని గడప దగ్గర ఆపుతుంది. ఎవరు లోపలికి రావాలి, ఎవరు అరుగు మీద కూర్చోవాలి, ఎవరికి ఏ గ్లాసు. ఇవన్నీ ఇంటికి బాగా తెలిసిన లెక్కలు.

మన పాత హోటళ్ళు నిజంగానే ఇంటిలాగా ఉండేవి, ఈ అర్థంలో. "బ్రాహ్మణ హోటలు" అని బోర్డు. రేణిగుంట మీదుగా పోయే మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే స్టేషన్లలో బ్రాహ్మణులకూ ఇతరులకూ వేరువేరుగా భోజనాలు పెట్టేవాళ్ళు. పెరియార్ వాళ్ళ ఆందోళన తర్వాత 1941లోగానీ ఆ తేడా పోలేదు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయ్యాక కూడా, 1957లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కెఫే బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీసెయ్యమని పెరియార్ మనుషులు నెలల తరబడి దాని ముందు నిలబడి అరెస్టులైపోయారు. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు అందరికీ తెరిచి ఉండాలని విడిగా రాసుకోవాల్సి వచ్చింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకో అడుగు వేసి, హోటల్లో పాత్రలు వాడుకోనివ్వకపోవడం కూడా నేరమని నాలుగో సెక్షన్లో రాసింది. చట్టం గిన్నెలూ గ్లాసుల దాకా ఎందుకు దిగిందో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన ఏ పల్లెనడిగినా చెప్తుంది. చట్టం వచ్చాక కూడా దశాబ్దాల పాటు టీ అంగళ్ళలో ఆ రెండో గ్లాసు చూరుకు వేలాడుతూనే ఉండింది.

ఇంత జరిగాక, పట్నంలో ఒక సందులో, పక్కన నిలబడ్డవాడి ఇంటిపేరు ఎవరూ అడగని ఒక చోటు ఏర్పడింది. అతని ప్లేటు కడిగిన బకెట్లోనే మన ప్లేటూ కడుగుతారు. అందరికీ ఒకటే చట్నీ గిన్నె, ఒకటే గరిటె. మన ఇళ్ళలో చాలావాటికి ఇది ఈనాటికీ చేతకాలేదు. అద్దెకు ఇల్లు కావాలని తిరుపతిలో నాలుగు వీధులు తిరిగి చూడండి. రెండో ప్రశ్నగానో మూడో ప్రశ్నగానో "మీరేమిట్లు?" అని వస్తుంది, లేదా "నాన్‌వెజ్ తింటారా?" అని దానికి మారువేషం వేసుకుని వస్తుంది. టిఫిన్ అంగట్లో వచ్చే ప్రశ్న ఒక్కటే: "చట్నీయా, సాంబారా?" ఇట్లాంటి చోటును పట్టుకుని ఇంటిలా ఉందంటే అది పొగడ్తా?

అంగట్లో కులం పూర్తిగా పోయిందని నేననడం లేదు. తినేవాళ్ళ వరుసలో తగ్గింది. వండేవాళ్ళ దగ్గర తగ్గలేదు. ఎవరి చేతి వంట నలుగురూ తింటారు, ఎవరు అంగడి పెడితే జనం పక్క సందుకు పోతారు అన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన, ఎవరూ పైకి అనని సంగతి. బడిలో దళిత ఆడమనిషి వండితే పిల్లల్ని తిననివ్వని తల్లిదండ్రుల వార్తలు ఎన్నో రాష్ట్రాల నుంచి వస్తూనే ఉన్నాయి. "ఇంటి వంట" అన్న బోర్డు పక్కనే కులం పేరు రాసుకున్న హోటళ్ళు మీరూ చూసే ఉంటారు. ఇంటి రుచి అన్నప్పుడల్లా "ఎవరింటిది?" అన్న ప్రశ్న దాని వెనక దాక్కుని ఉంటుంది. అందుకే ఆ మాట అంత అమాయకమైంది కాదంటున్నాను.

మూడోది డబ్బు. ఒకరోజు నా పక్కన తింటున్న పెద్దమనిషి, దోస మీద ఐదు రూపాయలు పెంచారని అక్కతో గొడవ పెట్టుకున్నాడు. "ఇంట్లో చేసుకుంటే ఇందులో సగం కూడా కాదు గదమ్మా" అన్నాడు. అక్క పెనం మీంచి తల ఎత్తకుండా, "ఇంట్లో చేసుకుంటే అగ్గవే నాయినా. చేసేదెవురు?" అంది.

నేను ఇన్ని పేరాల్లో చెప్తున్నది ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. ఇంట్లో దోస అగ్గువ కావడానికి కారణం బియ్యం ధర కాదు. రుబ్బి, పోసి, గిన్నెలు కడిగే మనిషికి లెక్కలో సున్నా వెయ్యడం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా తిరిగి ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్కేసింది. జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్ళే నూటికి 26 మంది. దగ్గర దగ్గర ఐదు గంటలు, రోజూ, సున్నా రూపాయలకు. ఈ సున్నాకు అలవాటు పడ్డ మనం గడప దాటి వీధిలోకొచ్చాక కూడా అదే ధర వెతుక్కుంటాం. "అక్కా" అని పిలవడంలో అభిమానం ఉంది, కాదనను. కానీ ఆ పిలుపు వెంటనే "ఇంగొంచెం చట్నీ ఎయ్యక్కా", "ఈ ఐదు రూపాయలు వదిలెయ్యక్కా" ఎందుకు వస్తాయి? బెజవాడలో బాబాయ్ హోటల్ ఉంది కదా, మగ బంధుత్వం కూడా బోర్డెక్కింది కదా అంటారేమో. ఎక్కింది. కానీ బాబాయ్ అన్న పిలుపుకు రాయితీ తగిలించుకుని ఎవరూ రారు.

అదే మనుషులు ఆదివారం సాయంత్రం "రాయలసీమ రుచులు" అని పెట్టిన ఏసీ హోటలుకు పోతారు. బయట బండి చక్రం, లోపల లాంతరు, గోడకు వేలాడే జల్లెడ. వాళ్ళ తాతలు పొద్దున్నే తిని పొలానికి పోయిన సంగటి ముద్దే అక్కడ రాగి గిన్నెలో వస్తుంది. బిల్లులో జీఎస్టీ ఐదు శాతం ఉంటుంది, పైన టిప్పు. ఒక్కరు కూడా "ఇంట్లో చేసుకుంటే" అని అనరు. అక్కడ ఇల్లు అలంకారం, దానికి డబ్బు కడతాం. ఇక్కడ ఇల్లు సాకు, దాంతో డబ్బు తగ్గిస్తాం.

నాకు వచ్చే జవాబు తెలుసు. "ఆ అంగట్లో ఆప్యాయత లేదంటావా? మనిషిని గుర్తు పెట్టుకుని పెట్టడం లేదా?" ఉంది. నాకు సాంబారు పడదని అక్కకు తెలుసు. నెలాఖర్లో హాస్టలు పిల్లలకు ఖాతా రాసుకుని పెట్టడం నేను చూశాను. కానీ అది ఆమె తన ఇష్టంతో పైన వేసేది. పెట్టనని అనగలిగిన మనిషి పెట్టినప్పుడే దానికి ఆప్యాయత అని పేరు. ఇంట్లో ఆడమనిషికి ఆ "పెట్టను" అనే వీలు ఎంతమందికి ఉంది? అంగట్లో ఉంది కాబట్టే అక్కడి ఆప్యాయతను నేను నమ్ముతాను.

శుభ్రం సంగతీ ఉంది. వేడి వేడి ఇడ్లీ ప్లాస్టిక్ కాగితం మీద పెట్టడం, పూరీల నూనె మళ్ళీ మళ్ళీ కాచడం, ప్లేట్లన్నీ ఒకే బకెట్లో ముంచడం. ఇవి తప్పులే, చాలాచోట్ల ఉన్నాయి. దీన్ని అంగడి అనుకుంటే, "నూనె మార్చక్కా, కాగితం బదులు ఆకు పెట్టక్కా, బకెట్లో నీళ్ళు పారబోసి కొత్తవి పట్టక్కా" అని కొనేవాడి హక్కుతో అడగొచ్చు. నేను అడుగుతాను. ఇల్లు అనుకుంటే నోరు మూసుకోవాలి. అమ్మను పట్టుకుని నూనె మార్చమంటామా?

ఇంకా పెద్ద నష్టం ఒకటుంది. ఇల్లు అనుకున్నదాన్ని గురించి మనం జ్ఞాపకాలు రాస్తాం. అంగడి అనుకున్నదాని గురించి అర్జీ రాయాల్సి వస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తారు, కాలువ తవ్వుతారు, పండగకని ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తారు. బండి ఎత్తుకుపోతారు. అప్పుడు మనవాళ్ళు "మా వీధి చివర ఒక అక్క ఉండేది, ఆ దోస రుచి ఇక దొరకదు" అని కళ్ళు తడుచుకుంటూ రాస్తారు. ఆ దోస ఏ వానకో కొట్టుకుపోలేదండీ. ఒక ఆఫీసులో ఎవరో సంతకం పెడితే పోయింది.

వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. సర్వే పూర్తిచేసి, అర్హులకు సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. ప్రతి ఊళ్ళో ఒక కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. మీ వీధి చివర బండి పెట్టుకున్న అక్కకు ఆ సర్టిఫికెట్ ఉందా? మీ ఊరి కమిటీలో టిఫిన్ బండి పెట్టుకున్న ఆడమనిషి ఒక్కరన్నా కూర్చుందా? ఆమె దోస గురించి పది పేజీలు రాయగలిగిన మనం ఈ రెండు ప్రశ్నలు ఎందుకు అడగలేదు? ఇంట్లో మనిషికి సర్టిఫికెట్ ఏమిటి, అమ్మకు లైసెన్సేమిటి అనుకున్నాం కాబట్టి. 2020లో వీధి వ్యాపారులకు మొదటి విడత పదివేల అప్పు ఇస్తామన్నప్పుడు కూడా, తనను వ్యాపారిగా ఊరు గుర్తించిందన్న కాగితం ఒకటి చూపించాల్సి వచ్చింది. మన దగ్గర ఆమెకున్న గుర్తింపు "అక్క" ఒక్కటే. దాన్ని ఏ బ్యాంకు ఒప్పుకుంటుంది?

కాబట్టి నేను అడిగేది చిన్నది. దోస బాగుంటే దోస బాగుందనండి. కారం సరిగ్గా పూసిందనండి, ఈరోజు పిండి బాగా పులిసిందనండి. పని తెలిసిన మనిషితో పని గురించి మాట్లాడండి. ధర పెంచితే నూనె ధర, గ్యాసు ధర మీకూ తెలుసు కాబట్టి ఇచ్చేసి రండి. బాగాలేకపోతే బాగాలేదనీ చెప్పండి. మునిసిపాలిటీ బండి వచ్చినప్పుడు మాత్రం ఆ ఇడ్లీ తిన్న నోటితో ఒక మాట అడ్డం వెయ్యండి.

నేను తినే అంగడికి మంగళవారం సెలవు. గోడకు ఒక పలక వేలాడుతుంది, సుద్దముక్కతో "ఈరోజు అంగడి లేదు" అని రాసి. తెలియక వచ్చినవాళ్ళు దాన్ని చూసి విసుక్కుంటారు, పక్క సందుకు పోతారు. నేను ఆ పలకను చూసినప్పుడల్లా, ఇది ఇల్లు కాకపోవడం ఎంత మంచిదయిందీ అనుకుంటాను. అట్లాంటి పలక మా ఇంట్లో, మీ ఇంట్లో, వంటింటి తలుపుకు వేలాడగా నేనింతవరకు చూళ్ళేదు.